సున్నం గోడల గ్యాలరీ: 12 కిలోల ఫ్రేము ముందుకు వంగకుండ ఎట్ల?

నల్లగొండలో పాత డంగుసున్నం ఇంట్లో బొమ్మల గ్రూప్ షో, శనివారం ఓపెనింగ్. 14 ఫ్రేములు; పెద్దది 12 కిలోలు. గోడ రాయి-మట్టిది, పైన రెండంగుళాల గార. డ్రిల్ పెడితే పెళ్లలు రాలుతున్నయి, గిట్టీ (స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు) నిలుస్తలేదు. డబల్ టేపు మాట ఎత్తకుండ్రి, వెల్లతో సహా ఊడొస్తది.

అందుకే దూలాలకు అంగుళం జీఐ పైపు కట్టి, 1.5 ఎంఎం స్టీల్ రోప్‌తో దించుతున్నం. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 అంగుళాలకు రావాలె. ఒక్క తీగైతే ఫ్రేము తిరుగుతున్నది, రెండు వేస్తే పైభాగం ముందుకు వంగి అద్దంల ట్యూబులైటు మెరుస్తున్నది. ఫ్రేము వెనకాల తీగ తగిలించే డీ-రింగులు ఇప్పుడు పైనుంచి మూడో వంతుల ఉన్నయి. ఇంకా పైకి జరపాలెనా, కింద రబ్బరు బుడిపెలు పెడితే సాలునా? పది అడుగుల పైపును ఎన్ని చోట్ల కట్టాలె? చేసినోళ్లు చెప్పుండ్రి.