ఓఓసీ (పాత్ర బయటి కబుర్ల) చానెల్ మోతలో సీన్ చదవడం ఎలా?

ప్రశ్న: టెక్స్ట్ ఆర్పీ గేమ్‌లో (రాతతో పాత్రలు పోషించే ఆట) ఈ పబ్లిక్ చానెల్ ఆపితే ఊరు ఖాళీ అయినట్టుంది, ఉంచితే ఎదుటివాళ్ల పోజ్ (పాత్ర చేసేది, అనేది రాసిన పేరా) పైకి జారిపోతోంది. ఏం చేయాలి?

జవాబు 1: 24 వరుసల తెర మీద రెండేసి వరుసల కబుర్లు 10 పడితే, 6 వరుసల పోజ్ మొదలే కనిపించదు మరి. మడ్‌లెట్‌లో (ఇలాంటి ఆటలు ఆడే ప్రోగ్రామ్) చానెల్ పేరుకు ట్రిగ్గర్ (ఆ పేరు రాగానే పనిచేసే ఆదేశం) పెట్టి, ఆ లైన్‌ను పక్క విండోకి కాపీ చేశాకే మెయిన్‌లో డిలీట్ చేయండి. ముందే డిలీట్ చేస్తే కబురు గల్లంతే.

జవాబు 2: ఇందులో ఓ చిక్కుంది. సర్వర్ 80 అక్షరాలకు లైన్ విరిస్తే రెండో ముక్కకు చానెల్ పేరుండదు, అది సీన్ మధ్యలో ఊడిపడుతుంది. గేమ్ సెట్టింగుల్లో వెడల్పు పెంచండి. జీఎంసీపీ (సర్వర్ కబుర్లను తెర వరుసలతో కలపకుండా విడిగా పంపే పద్ధతి) ఉంటే ఇంకా నయం.

జవాబు 3: పక్క విండో కదిలినా కళ్లు అటే పోతాయండీ. సీన్ అయ్యేదాకా చానెల్ గ్యాగ్ చేసి (తెరపై కనపడకుండా దాచి), పేజీలు (ఒకరికొకరు పంపే ప్రైవేట్ సందేశాలు) మాత్రం ఉంచుకోండి.