అప్‌డేట్: ఈఎస్‌ఎల్ వద్దన్నా టెల్పాస్ తప్పలేదు

మా నాలుగో క్లాసు బాబు గురించి మొన్న అడిగాను కదా: టెక్సాస్ బడిలో ఈఎస్‌ఎల్ (ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల ప్రత్యేక క్లాసు) వద్దని సంతకం చేస్తే టెల్పాస్ (ఆ పిల్లలకు పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) కూడా తప్పుతుందా అని. తప్పదండీ. క్లాసు మానొచ్చు కానీ, ఇంగ్లీష్ లెర్నర్ అన్న ముద్ర ఉన్నంతకాలం ఏటా వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ పరీక్షించాలనేది ఫెడరల్ చట్టమే, 2015 నాటి ఎస్సా (బడి చదువుల చట్టం). ముద్ర తొందరగా పోవాలంటే క్లాసే మేలని చివరికి ఒప్పేసుకున్నాం.

మాట్లాడే భాగం దగ్గరే తిప్పలు. ఇంట్లో గలగలలాడే పిల్లాడు హెడ్‌సెట్ పెట్టగానే మూగనోము! ‘కంప్యూటర్‌తో ఏం మాట్లాడతాం నాన్నా’ అంటాడు.

స్టార్ (టెక్సాస్ రాష్ట్ర పరీక్ష) లెక్కల పరీక్షకు ప్రశ్నలు చదివి వినిపించే సాయం మాత్రం ఎల్‌పాక్ (ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లల సంగతులు చూసే బడి కమిటీ) ఇచ్చింది. స్పానిష్‌లో పేపరుంది, తెలుగులో లేదు. ఫలితాలింకా రాలేదు.