మూలబడ్డ చెరువులో చేపలేస్తే ఊరి పేదరికం తీరుతుందా?

పాకాల పిలగాడు:
మా ఊరి చెరువు పదేళ్లుగా మూలబడి ఉండాది. తూము పూడిపోయింది, లోపలంతా సర్కారు తుమ్మ కంప. 2022లో కేంద్రం అమృత్ సరోవర్ పథకం కింద జిల్లాకు 75 చెరువులన్నప్పుడు మాది లెక్కలోకి రాలేదు. ఉపాధి హామీలో పూడిక తీయించుకుని, సెంటు భూమి లేని ఇండ్లోళ్లంతా కలిసి చేపలు పెంచుకుంటే బాగుంటుందని మా కుర్రోళ్ల మాట. పెద్దోళ్లేమో 'మన నీళ్లకి చేపలా' అని నవ్వుతా ఉండారు. మీరేమంటారు?

తూము కింది రైతు:
నవ్వక ఏం చేస్తారబ్బాయా! చేపకి నీళ్లు నిలవాల, వరికి నీళ్లు వదలాల. రెండు తగువులూ తూము దగ్గరే. మూడేళ్ల కింద మా చెరువులో చేపల వేలం పాట పాడినాయన రాత్రికి రాత్రి తూముకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టించినాడు. తెల్లారి పోయి చూస్తే నా మడి బీటలిచ్చి ఉండాది, పొట్టకొచ్చిన పైరు! కైకలూరు, భీమవరం పక్క కాలవ నీళ్లుండాయి, వాళ్లకి సాగుతుంది. మనది వాన చెరువు.

గాలం:
రైతన్నా, నీ మాట సగం నిజం. మన పక్క చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు వానలకి. ఎండాకాలం మొదలయ్యేసరికి మోకాటి లోతు. అంత తక్కువ కాలానికి వేలెడు పిల్లల్ని వదిలితే కొంగలకి, నీటికాకులకి మేత పెట్టినట్టే. అందుకే నర్సరీలో ఒత్తుగా ఉంచి ఏడాది పాటు ఎదగనీయకుండా ఆపిన పెద్ద పిల్లను తెచ్చుకోవాల. నీళ్లలో పడినాక అది గబగబా ఒళ్లు చేస్తుంది. బొచ్చె చేప పైన తింటుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. మూడూ కలిపి వదిలితే మేత వృథా కాదు. తవుడు, చెనిక్కాయ చెక్క మన ఊర్లలోనే దొరుకుతాయి.

ఇంకోటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి వేట బంద్, 61 దినాలు. మన చెరువులు అడుగంటేదీ ఇంచుమించు అప్పుడే. చెరువు చేపకి ధర పలికేది అప్పుడే. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) పట్టినావంటే మాత్రం కొనే దిక్కుండదు, సగం ఊరు నీచు ముట్టదు.

తూము తగువుకి ఒక దారి ఉంది: చెరువు నడుమ తూము మట్టం కన్నా కిందికి ఒక మడుగు తవ్వితే, పై నీళ్లు పైరుకి, మడుగు నీళ్లు చేపకి. కట్ట పక్కన మాత్రం తవ్వొద్దు. 2021 నవంబరులో తిరుపతి పక్క రాయలచెరువు కట్టకి గండి భయం పట్టి కింది ఊర్లు ఖాళీ చేయించింది మరిచిపోలేదు కదా. మరవకి, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే చోట, తడికలు కట్టకపోతే ఒక్క వానకి పెట్టుబడంతా వాగులో పోతుంది.

తూము కింది రైతు:
మడుగు మట్టం ఎవరు కొలుస్తారు? పాట పాడినోడేనా?

చంద్రగిరి టీచరమ్మ:
నాకు 'మూలబడ్డ' అన్న మాట దగ్గరే పేచీ. ఎవరికి మూలబడింది? మా ఊరి చెరువునూ అలాగే అన్నారు. కట్ట కింద నాలుగు యానాది ఇళ్లు. ఆ ఆడవాళ్లు బురదలో చేతులు పెట్టి తడిమి, మట్టగిడసలు, జెల్లలు పట్టుకుని అదే పూట కూరొండుకునేవారు. పాట వేసిన మరునాటి నుంచి అది దొంగతనమైపోయింది. ఒక పిల్ల బడికొచ్చి 'మా అమ్మ గంప లాక్కున్నారు టీచర్' అంది.

కేంద్రం మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ, మిగతావాళ్లకు 40. బాగానే ఉంది. కానీ ముందుగా డబ్బు పెట్టగలిగేది ఎవరు? పాటలో గెలిచేదీ వాళ్లే. మా డ్వాక్రా సంఘం ఒక ఏడాది గుత్తకు తీసుకుంది, చేపలు బాగా వచ్చాయి. ఆ సంగతి ఊరంతా పాకి, మరుసటి ఏడు పాట మూడింతలైంది. కనీసం ఐదేళ్ల గుత్త రాయించుకోకుండా పూడిక తీయకండి. మీరు బాగుచేసిన చెరువును ఇంకొకరు పాడుకుంటారు.

గాలం:
అమ్మా, ఐదేళ్లు ఒకరికే ఇస్తే వాళ్లే ఆసామిలవుతారు, అదీ చూసినాం.

చంద్రగిరి టీచరమ్మ:
కావచ్చు. అయినా ఏడాదికోసారి పాట కన్నా అదే నయం.

పాకాల పిలగాడు:
పొద్దున పోయినా. మా కట్ట కిందా రెండు యానాది ఇండ్లుండాయి, చేపల పెంపకానికి నేను రాసిన పేర్ల పట్టీలో వాళ్లు లేరు. వాళ్లలో పెద్దాయన్ని పిలుచుకుని చెరువులోకి దిగితే, కంప నడుమ ఒక చోటు చూపించి 'ఈడ మే నెలలో కూడా నీళ్లుంటాయి సామీ' అన్నాడు. రైతన్నా, ఆదివారం తూము మట్టం కొలవాల. నువ్వు వస్తావా?