డెడ్ బాల్‌ని తెలుగులో ఏమనాలి?

బేస్‌బాల్ మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. అమెరికాలో ఇంచుమించు 1900 నుంచి 1919 దాకా నడిచిన ఆటని 'డెడ్ బాల్ ఎరా' అంటారు. 'మృత బంతి యుగం' అని రాస్తే మా ఆవిడ "ఎవరు పోయారు?" అంది. డెడ్ బాల్ అనే ఉంచేద్దామంటే మనవాళ్లకి క్రికెట్ అంపైర్ గుర్తొస్తాడు. ఏం చేయను?

— 'చచ్చు బంతి' అనండి. చచ్చినది వేరు, చచ్చుది వేరు. చచ్చు సలహా అంటామే, ఉంటుంది గానీ పస ఉండదు. ఆ బంతీ అంతే. ఆట మొత్తానికి దాదాపు ఒకటే బంతి, జనంలో పడినా తిరిగి ఇచ్చేయాలి. దానికి మట్టి, పొగాకు నమిలిన ఉమ్ము. ఆట సగమయ్యేసరికి నల్లగా, మెత్తగా తయారయ్యేది. 1908లో షికాగో వైట్ సాక్స్ జట్టు 150కి పైగా మ్యాచ్‌లు ఆడి కొట్టిన హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) 3. మూడంటే మూడే!

— అంటే చచ్చూ పుచ్చూ రెండూనన్నమాట. ఫ్రాంక్ బేకర్ అనే ఆటగాడికి 'హోమ్ రన్' అని బిరుదే ఉండేది, ఏ ఏడాదీ 12 దాటలేదు పాపం. 1920లో బేబ్ రూత్ ఒక్కడే 54 కొట్టాడు.

— నాకు 'చచ్చు' మింగుడు పడటం లేదండీ. 1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లో పిచర్ (మన బౌలర్ లాంటివాడు) కార్ల్ మేస్ విసిరిన బంతి బ్యాటర్ రే చాప్‌మన్ తలకి తగిలింది. వెనక్కి దొర్లివస్తే, బ్యాట్‌కి తగిలిందనుకుని మేస్ అతన్ని అవుట్ చేయడానికి దాన్ని ఫస్ట్ బేస్‌కి విసిరాడట. చాప్‌మన్ మర్నాడు చనిపోయాడు. మాసిన బంతి అతనికి కనిపించి ఉండదనే అందరూ అన్నారు. ప్రాణం తీసినదాన్ని చచ్చుదంటారా?

— మాట నిజమే. కానీ 'చచ్చు' అన్నది దెబ్బని బట్టి కాదు, ఎగరకపోవడాన్ని బట్టి. నా అభ్యంతరమల్లా 'యుగం' మీదే. 20 ఏళ్లకి యుగమేమిటి? 'చచ్చు బంతి రోజులు' చాలు.

సరే, ఖాయం చేశాను. ఇంకొకటి: ఉమ్ము రాసి విసిరే స్పిట్‌బాల్‌కి 'ఎంగిలి బంతి' అని పెట్టుకున్నాను. 1920లో దాన్ని నిషేధించినా, అదే బతుకుతెరువైన 17 మందిని వదిలేశారు. వాళ్లలో చివరివాడు బర్లీ గ్రైమ్స్, 1934 దాకా ఎంగిలి చేస్తూనే ఉన్నాడు. దీనికి మాత్రం అడ్డు చెప్పకండి బాబూ.

— 'ఉమ్ము బంతి' అయితే...

— చెప్పొద్దన్నారుగా!