పళ్ళెం మీదికి పిల్లల్ని ఎప్పుడు ఎక్కించాలి? (మారుపేర్లతో రాసేవాళ్ళ చర్చ)

మూడోకాలం:
కూచిపూడి నేర్పేవాళ్ళ మధ్య ఎన్నేళ్ళయినా తెగని తగువు ఇది. కృష్ణుడి పాటకు ఆడే తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి జతులు, అంటే తాళానికి కట్టిన అక్షరాల వరసలు, ఆడే భాగం ఉంది కదా, దానికి విద్యార్థిని ఎన్నో ఏట తీసుకురావాలి? అడుగులన్నీ మూడు కాలాల్లో (వేగాల్లో) వచ్చి, జతులు, ఒకటి రెండు శబ్దాలు (సాహిత్యంతో ఆడే చిన్న అంశాలు), రెండు మూడు కీర్తనలు అయ్యాకే అని ఒక పక్షం. అంటే అయిదారేళ్ళ మాట. భయం తెలియని వయసులో, రెండో ఏడాదే ఎక్కించెయ్యాలని రెండో పక్షం. మధ్యలో పోటీలు. అక్కడ ఇచ్చేది అయిదారు నిమిషాలు కాబట్టి పల్లవి ఒకసారి పాడించి నేరుగా పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మా గురువుగారు ఇలా, మీ గురువుగారు అలా అనే మాటలు వద్దు. కారణాలు చెప్పండి.

అరమండి:
ఏళ్ళ లెక్క నాకు పట్టదు, పాదం లెక్కే. నేల మీద నాలుగు పరీక్షలు పెట్టండి. అరమండి (మోకాళ్ళు పక్కలకు తెరిచి సగం కూర్చున్న భంగిమ) వదలకుండా పది నిమిషాలు అడుగులు ఆడగలగాలి. ఒంటికాలి మీద, కన్ను చెదరకుండా, ఆది తాళం నాలుగు ఆవర్తనాలు (ఎనిమిదేసి లెక్కల చుట్లు నాలుగు) నిలబడాలి. అదే జతిని కుడితో మొదలుపెట్టి ఒకసారి, ఎడమతో మొదలుపెట్టి ఒకసారి తేడా తెలియకుండా ఆడాలి. నాలుగోది, చేత్తో తాళం వేస్తూ నోటితో ఆ జతి చెప్పాలి. ఈ నాలుగూ వస్తే పిల్లకు తొమ్మిదేళ్ళయినా ఎక్కించండి. రాకపోతే పద్దెనిమిదేళ్ళయినా వద్దు.

ఎందుకంటే పళ్ళెం మీద కొత్తగా పుట్టే తప్పులు తక్కువ. నేల మీద దాక్కున్న తప్పులే అక్కడ బయటపడతాయి. అరమండిలో మోకాళ్ళు పక్కలకు తెరుచుకోకుండా లోపలికి వాలే పిల్ల ఉంటుంది. నేల మీద అది వంక మాత్రమే. పళ్ళెం మీద మోకాలు లోపలికి వాలితే బరువు పాదం లోపలి అంచుకు జారుతుంది, పట్టు బొటనవేలి ఒక్కదానికే మిగులుతుంది, పళ్ళెం పక్కకు తిరుగుతుంది. పడకుండా ఉండాలని పిల్ల కిందికి చూస్తుంది. తల ముందుకు వంగగానే బరువు వేళ్ళ మీదికి వస్తుంది, ముందు అంచు నేలకు ఆనుకుని వెనక అంచు లేస్తుంది. చాలా పళ్ళేలు తిరగబడేది అక్కడే. మనం మాత్రం "పాదం జారింది" అంటాం. జారింది పాదం కాదండీ, చూపు.

చెంబునీళ్ళు:
అరమండి గారు చెప్పిన పరీక్షలు రంగస్థలానికి సరే. అభ్యాసానికి కూడా అవే అడిగితే ఒప్పుకోను. ఈ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడటం వల్లే గొడవ తెగడం లేదు.

ఎనిమిదేళ్ళ పిల్లకు ఎత్తు తక్కువ, బరువు తక్కువ, పడినా దెబ్బ తక్కువ.  పదహారో ఏట మొదటిసారి ఎక్కిన పిల్ల వేళ్ళు బిగించలేక పిక్కలు బిగిస్తుంది, అయిదు నిమిషాలకే కండ పట్టేస్తుంది. అందుకని రెండో ఏడాదే మొదలుపెట్టవచ్చు, అయితే ఈ వరసలో. ముందు రెండు వారాలు పళ్ళెమే వద్దు. నేల మీద పరిచిన తువ్వాలును నిలబడిన చోటనే వేళ్ళతో దగ్గరికి లాక్కోవడం, ఒక్కో పాదానికి పదేసి సార్లు. తర్వాత పళ్ళేన్ని మందపాటి దుప్పటి మీద పెడితే కదలదు. గోడకో కిటికీ కమ్మీకో రెండు చేతులూ ఆనించి ఎక్కడం, దిగడం, అంతే. అంచు వేళ్ళ మొదళ్ళ కింద ఉండి, వేళ్ళు బయటికి వంగి దాన్ని పట్టుకోవాలి. బాణీని బట్టి ఇందులో కొద్ది తేడాలుంటాయి. మూడో నెలలో దుప్పటి తీసేసి ఒక చెయ్యి వదలాలి. ఆ పైన ఏ చెయ్యీ ఆనించకుండా ఒక పక్కకు వాలడం, రెండో పక్కకు వాలడం. రోజుకు అయిదు నిమిషాలు దాటకూడదు, అదీ క్లాసు మొదట్లో, కాళ్ళు అలిసిపోకముందే. క్లాసు ఆఖర్న "రండి, పళ్ళెం చేద్దాం" అంటే మడమలకు చేటు.

జతి లేదు, పాట లేదు, రంగస్థలం లేదు. ఇలా రెండేళ్ళు గడిచిన పిల్లకు పళ్ళెం వింతగా అనిపించదు. అప్పుడు తరంగం నేర్పుతుంటే దృష్టి తరంగం మీద ఉంటుంది.

తీర్మానం:
ఇద్దరూ కాళ్ళ గురించే మాట్లాడారు. తాళం సంగతి?

పళ్ళెం మీద అరిపాదంతో తట్టడం ఉండదు. ఒక పాదం మీద బరువు వేస్తే రెండో వైపు అంచు లేస్తుంది, దాన్ని దించితే వచ్చే "ఠక్" మన సొల్లు, అంటే జతి అక్షరం. లేచిన వైపును తుంటి కదలికతో ముందుకు తిప్పి దించితే పళ్ళెం ఒకటి రెండు అంగుళాలు నడుస్తుంది. కాబట్టి కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఈ వరస తప్పదు. చతురశ్రంలో నాలుగు దెబ్బలు అయ్యేసరికి మళ్ళీ కుడికే వస్తాం, హాయి. ఖండంలో మొదటి అయిదు కుడితో మొదలైతే రెండో అయిదు ఎడమతో మొదలవుతుంది. మిశ్రంలో ఏడు, సంకీర్ణంలో తొమ్మిది, అక్కడా అంతే. ఎడమ కాలు బలహీనంగా ఉన్న పిల్ల చతురశ్రంలో దొరకదు, ఖండంలో రెండో గుంపు దగ్గర దొరికిపోతుంది. అరమండి గారి మూడో పరీక్ష అందుకే మంచిది.

ముక్తాయి (జతిని ముగించే వరస) చూడండి. ఆది తాళం, చతురశ్ర నడక (దెబ్బకు నాలుగు మాత్రలు), ఆవర్తనానికి 32 మాత్రలు. ఖాళీ లేకుండా "తధిగిణతోం" మూడుసార్లు అంటే 15. సమానికి (తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బకు) దిగాలంటే 17 మాత్రలు వదిలి 18వ మాత్రకు ఎత్తుకోవాలి. అంటే మొదటి ద్రుతం (తాళంలో మొదటి నాలుగు లెక్కల తర్వాతి భాగం) దెబ్బ 17వ మాత్ర మీద పడ్డాక ఒక్క మాత్ర ఆగి. నేల మీద ఎత్తుగడ అరమాత్ర ఆలస్యమైనా కాలు విసిరి కలిపేసుకోవచ్చు. పళ్ళెం మీద బరువు ఒక పక్క నుంచి రెండో పక్కకు చేరడానికే కొంత వ్యవధి పడుతుంది. ఆలస్యమైతే కలుపుకోవడానికి విసిరే కాలే లేదు. కనుక మనసులో ముందుగా పలికి, బరువు ముందుగా మార్చాలి. ఇది రెండేళ్ళలో వచ్చే విద్య కాదు.

పైగా ఇప్పుడు అన్నీ రికార్డు పాటలు. నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పేవారు) ఎదురుగా ఉంటే పిల్ల తడబడిందని కనిపెట్టి తాళం మీద తాళం వేస్తూ ఆ జతినే ఇంకోసారి చెప్పి నిలబెడతారు, లేదా కాలం ఒక్క పిసరు తగ్గిస్తారు. పెన్‌డ్రైవ్‌కు కనికరం ఉండదు. పళ్ళెం భాగం రికార్డు మీద ఆడించేవాళ్ళు కనీసం రెండు వేగాల్లో పాట చేయించుకోండి. ఆ రోజు హాలు చూసి, నేల చూసి ఏది పెట్టాలో తేల్చుకోవచ్చు.

సాయంత్రంక్లాసు:
అమ్మానాన్నల వైపు నుంచి ఒక మాట. ఫీజు కట్టేది మేమే, చప్పట్లు వినాలనుకునేదీ మేమే, అది తప్పా? సభలో జనం కూచిపూడిని గుర్తుపట్టేది పళ్ళెంతోనే. మూడేళ్ళు అడుగులే ఆడిస్తే పిల్లలు విసుగెత్తి మానేస్తారు. వాళ్ళను నిలబెట్టుకోవడానికి ఏదో ఒక ఆశ చూపించాలి కదండీ.

అరమండి:
ఆశకు అడ్డు లేదు. చప్పట్ల లెక్క చూసినా చిన్నపిల్లను పళ్ళెం ఎక్కించడం నష్టమే. చేతులు చూడండి. పతాకం, కటకాముఖం లాంటి ముద్రలు పట్టాల్సిన చేతులు దూలం మీద నడిచేవాడి చేతుల్లా పక్కలకు చాచుకుంటాయి. ముఖంలో ముద్దుకృష్ణుడు ఉండాల్సిన చోట "పడతానేమో" ఉంటుంది. తరంగం అంటే నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణిలోని పాట. సాహిత్యం సంస్కృతం. అర్థం చెప్పకుండా నేర్పితే ముందున్న పల్లవి, చరణాలన్నీ పళ్ళెం కోసం ఎదురుచూసే పొద్దుపోకగా మారిపోతాయి.

పాతభాగవతం:
ఇందాకటి నుంచి "సంప్రదాయం" అనే మాట ఎవరూ ఎత్తకపోవడం సంతోషం. ఎత్తబోయేవాళ్ళకు ముందే చెబుతున్నా. కూచిపూడి భాగవతుల అసలు ఆట భామాకలాపం, యక్షగానాలు. అవి రాత్రంతా సాగే మేళాలు, ఆడవేషం కూడా మగవాళ్ళే వేసేవారు. ఒక్కరే వరసగా అంశాలు ఆడే కచేరీ పద్ధతి 20వ శతాబ్దంలో కుదురుకున్నది. అందులో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి చెయ్యి పెద్దది, ఆడపిల్లలకు నేర్పడంలోనూ ఆయనది ముందడుగు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక పాఠాలకు ఒక వరస, అడుగులకు ఒక శుభ్రత వచ్చాయి. ఆ వరసలో తరంగం మొదటి మెట్టు కాదు. ఇది అరమండి గారి వైపు వెళ్తుంది, తెలుసు. కానీ పళ్ళెమే కూచిపూడి అనేది జనం మాట, శాస్త్రం మాట కాదు. పళ్ళెం ఒక్కసారీ ఎక్కకుండా సత్యభామను జీవితాంతం ఆడినవాళ్ళు ఉన్నారు.

పడమటిగాలి:
అమెరికాలో నేర్పేవాళ్ళ తలనొప్పి వేరు. ఇక్కడ సగం క్లాసులు ఇంటి బేస్‌మెంట్‌లో, కార్పెట్ మీద. కార్పెట్‌లో పళ్ళెం దిగబడుతుంది, నడవదు. పిల్లలు తుంటితో కాక నడుముతో లాగడం అలవాటు చేసుకుంటారు. అదే పిల్లను స్కూలు ఆడిటోరియం చెక్కనేల మీద నిలబెడితే ఆ లాగుడుకు పళ్ళెం అడుగు దూరం పోతుంది. పైగా గీతలు పడతాయని కొందరు హాళ్ళవాళ్ళు ఇత్తడిని రానివ్వరు. నాలుగడుగులు ఇంటూ ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలక ఒకటి కొని, అభ్యాసంలోనూ సభలోనూ అదే వాడటం మేలు. కింద జారకుండా రబ్బరు చాప, అంచులు కనబడేలా రంగు టేపు. ఒకే నేల అలవాటైతే సగం భయం పోతుంది. ఊళ్ళో అయితే నున్నటి గ్రానైట్ ఇంతకన్నా ప్రమాదం. దానిమీద అసలు వద్దు.

మడమ:
చెంబునీళ్ళు గారి అయిదు నిమిషాల హద్దుకు నా ఓటు. సుమారు 8 నుంచి 14 ఏళ్ళ వయసులో మడమ ఎముక వెనక భాగం ఇంకా పూర్తిగా అతుక్కోదు. పిక్క కండరం లాగుడు నేరుగా దానిమీద పడుతుంది. సిమెంటు నేల మీద అడుగులు తట్టే పిల్లలకు పొద్దున లేచాక కుంటుడు, మడమను రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పి ఉంటే అది బద్ధకం కాదు. ఆ పిల్లకు తట్టే అడుగులు, పళ్ళెం రెండూ కొన్ని వారాలు ఆపాలి. హస్తాలు, దృష్టిభేదాలు, జతులు చెప్పడం సాగించవచ్చు. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. "ఓర్చుకో తల్లీ" అనే మాట ఇక్కడ పనికిరాదు.

తీర్మానం:
మడమ గారూ, ఓర్చుకోమనేది చాలాసార్లు గురువులు కాదు, వారంలో సభ పెట్టుకున్నవాళ్ళు.

మూడోకాలం:
అభ్యాసం వేరు, రంగస్థలం వేరు అన్న మాట దగ్గర అందరూ కొంత కలుస్తున్నట్టుంది. సాయంత్రంక్లాసు గారి బాధ మాత్రం అలాగే ఉంది, దానికి నా దగ్గరా జవాబు లేదు. ఇంకొకటి అడుగుతాను. పిల్లలకు ఎలాంటి పళ్ళెం కొనాలి? దుకాణంలో పూజ పళ్ళేలు చూపిస్తున్నారు.

చెంబునీళ్ళు:
పూజ పళ్ళెం పలచన, బరువుకు అంచు వంగి పాదం కోస్తుంది. మందం ఉన్నది, అంచు గుండ్రంగా మడిచి ఉన్నది చూడండి. వేలితో అంచంతా ఒకసారి తడిమితే గరుకు తెలుస్తుంది. నిటారుగా లేచిన అంచు కన్నా కొద్దిగా బయటికి వాలిన అంచు వేళ్ళకు పట్టు ఇస్తుంది. వెడల్పుకు కొలత పిల్లే. దుకాణంలోనే చెప్పులు విప్పించి ఎక్కించండి, పాదాలు రెండూ అంచు మీద ఉన్నప్పుడు మోకాళ్ళు కాలివేళ్ళ వైపే తెరుచుకోవాలి. పెద్దయ్యాక సరిపోతుందని వెడల్పుది కొంటే అరమండి చెడుతుంది.

నేల మీద పెట్టి ఒక అంచు నొక్కి చూడండి. పళ్ళెం అడుగుభాగం పూర్తిగా చదునుగా ఉంటే వాలడానికి మొరాయిస్తుంది, బాగా ఉబ్బి ఉంటే బొంగరంలా తిరుగుతుంది. చింతపండుతో తోమాక నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి, నూనె చెయ్యి తగలకూడదు. సభ రోజు పారాణి పెట్టాక అరగంటయినా ఆరనివ్వండి. తడి పారాణితో ఎక్కితే జారుతుంది, తెల్లారి చూస్తే పళ్ళెం నిండా ఎర్రటి వేలిముద్రలు.

సాయంత్రంక్లాసు:
పళ్ళెం ఆటలో తలమీద పెట్టుకునే నీళ్ళచెంబు కూడా అడుగుతున్నారు మా పిల్లలు.

చెంబునీళ్ళు:
పళ్ళెం నడక కుదిరాక, అదీ నేల మీద ఉత్త చెంబుతో మొదలు. నీళ్ళు పోసే రోజు సగం పొయ్యకండి, సగం చెంబులో నీళ్ళు అటూ ఇటూ ఊగి తలను లాగుతాయి. మెడ దాకా నింపండి.