30 × 40 అడుగుల రేకుల షెడ్డు చాలుతుందా? కట్టించుకున్నవారు చెప్పండి

కాశీనగర్ రైతు:
మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. 12 ఎకరాల వరి, గట్టు మీద కొంచెం జీడి. పాత పెంకుల సాల ఈ వానాకాలం దాటేలా లేదు. ఇనుప షెడ్డు వేయించాలని నాన్న నిర్ణయించారు. ట్రాక్టరు, ట్రాలీ, ధాన్యం, ఎరువుల బస్తాలు అందులోనే ఉండాలి. మా బావ వరికోత యంత్రం కొన్నాడు, కోతలు లేని నెలల్లో అదీ మా దగ్గరే ఉంటుంది. ఒక మేస్త్రి వచ్చి చూసి 30 × 40 అన్నాడు. ఇంకొకాయన 30 × 60 లేకపోతే రెండేళ్లలో ఏడుస్తారన్నాడు. ఇద్దరూ చదరపు అడుగు లెక్కనే డబ్బు అడుగుతున్నారు కాబట్టి రెండో ఆయన మాట మీద నాకు కొంచెం అనుమానం.

గుణుపురం కోత యంత్రం:
తమ్ముడూ, పొడవు సంగతి తర్వాత. ఎత్తు ఎంత చెప్పారు? నేను దెబ్బతిన్నది అక్కడే. "14 అడుగులండీ" అన్నాడు మా మేస్త్రి. సంతోషించాను. తీరా చూస్తే ఆ 14 నడి కప్పు దగ్గర. ట్రస్సు, అంటే కప్పును మోసే ఇనుప చట్రం, దాని కింది కమ్మీ నేల నుంచి 11 అడుగులే. నా యంత్రాన్ని టేపు పెట్టి కొలిస్తే 11 అడుగుల 8 అంగుళాలు. ఎనిమిది అంగుళాల కోసం షెడ్డు నేలను అడుగు లోతు తవ్వించాను. యంత్రం పట్టింది. మొదటి వానకే షెడ్డు చెరువైంది. ఇప్పుడు యంత్రం బయట టార్పాలిన్ కింద ఉంది, లోపల మేకలున్నాయి.

కాశీనగర్ రైతు:
నవ్వాలో బాధపడాలో తెలియడం లేదన్నా. మాకు చెప్పింది కూడా 14 అడుగులే! ఎక్కడి నుంచి ఎక్కడికో అడగలేదు.

ఇనుప మేస్త్రి, పర్లాకిమిడి:
ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి రెండు మాటలు. ఎత్తు అడిగేటప్పుడు "నేల నుంచి ట్రస్సు కింది కమ్మీ వరకు ఎంత" అని అడగండి, కాగితం మీద రాయించుకోండి. రోలింగ్ షట్టరు పెడితే అది పైన చుట్టుకునే పెట్టెకే అడుగున్నర పోతుంది. కాబట్టి 12 అడుగుల యంత్రానికి 12 అడుగుల షట్టరు అంటే యంత్రం లోపలికి రాదు.

ఇక వెడల్పు. మీ ఇద్దరు మేస్త్రులూ 30 అన్నారు, నేనైతే 28 అంటాను. కారణం రేకు. అయిదు అడుగులకు ఒక అడుగు వాలు పెట్టామనుకోండి. 28 అడుగుల షెడ్డుకు ఒక పక్క కప్పు 14 అడుగుల 3 అంగుళాలు వస్తుంది. అడుగున్నర చూరు కలిపితే 16 అడుగుల రేకు ఒక్కటే సరిపోతుంది. అదే 30 అయితే రేకు 17 అడుగులు కావాలి. మా దుకాణాల్లో తయారుగా దొరికేవి 16 వరకే. అంతకు మించితే ఆర్డరు ఇచ్చి కోయించుకోవాలి, లేదా మధ్యలో అతుకు వేయాలి. అతుకు ఉన్నచోట ఎప్పటికైనా కారుతుంది. రెండు అడుగుల వెడల్పు కోసం ఆ తలనొప్పి ఎందుకు?

పొడవు కూడా అంతే. రేకుల కింద ట్రస్సుల మీద పొడవునా వేసే ఇనుప గొట్టం 20 అడుగులకు వస్తుంది. స్తంభాల మధ్య అంకణం 10 అడుగులు పెడితే ఒక గొట్టం రెండు అంకణాలకు సరిగ్గా సరిపోతుంది, అతుకు ట్రస్సు మీదే పడుతుంది. 15 పెడితే అతుకు గాలిలో పడుతుంది, లేకపోతే ముక్కలు మిగిలిపోతాయి. నా దొడ్లో అలాంటి అయిదడుగుల ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. వాటికి డబ్బు కట్టింది మాత్రం షెడ్డు యజమానులే.

ధర్మాబాద్ మిర్చి:
నమస్తే. మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా. మీరు పొలంలో కడుతున్నారు కాబట్టి సరే, ఊళ్లో కట్టేవారికి ఒక మాట. నాకు 40 × 60 జాగా ఉందని 40 × 60 షెడ్డే వేయించాను. చూరు నీళ్లు పక్కింటి గోడ మీద పడుతున్నాయి. ఆయన మాట్లాడడం మానేసి మూడేళ్లయింది. జాగా కొలత వేరు, షెడ్డు కొలత వేరు.

బరంపురం ఉద్యోగి:
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2013 ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను పట్టి కుదిపేసింది. కాశీనగర్ వారికి నేను చెప్పేదేముంది! గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో మా తీరానికి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. షెడ్డు వెడల్పు పెరిగితే గాలికి కప్పు ఒక్కో స్తంభాన్ని పైకి లాగే బలం పెరుగుతుంది, ఎత్తు పెరిగితే స్తంభాన్ని వంచే బలం పెరుగుతుంది. ట్రాక్టరు సులువుగా తిరుగుతుందని ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంచుతారు చూడండి, అది మరీ ప్రమాదం. లోపలికి దూరిన గాలి కప్పును కింద నుంచి పైకి నెడుతుంది. తిత్లీలో ఎగిరిన రేకుల్లో అలాంటి షెడ్లవి చాలా చూశాను. కొలత పెంచితే పునాది దిమ్మె కూడా పెంచండి.

జయపురం కోళ్ల రైతు:
నాది వేరే లెక్క కాని చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. బ్రాయిలర్ కోడికి చదరపు అడుగు చొప్పున చూసుకుంటాం. 2000 కోళ్లకు 25 × 80 వేశాను. కోళ్ల షెడ్డును 30 అడుగుల వెడల్పు దాటనివ్వకూడదు, గాలి నడిమికి అందదు. ఎక్కువ కోళ్లు కావాలంటే పొడవే పెంచాలి, అదీ తూర్పు పడమరలుగా. ట్రాక్టరుకు ఈ గొడవ లేదు లెండి, దానికి ఊపిరాడకపోయినా పరవాలేదు.

సిరొంచ నుంచి:
గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లం. 2022 జులై వరద తర్వాత మేము కొలతలు నేల మీద నుంచి కాక వరద గుర్తు మీద నుంచి మొదలుపెడుతున్నాం. అరుగు మూడడుగులు లేపాను. అప్పుడు తెలిసింది, ట్రాక్టరు ఎక్కడానికి ఏటవాలు దారికే షెడ్డు ముందు 18 అడుగులు పోయింది. మీది వంశధార పక్కన అయితే ఆ జాగా కూడా ఇప్పుడే వదిలిపెట్టుకోండి. మిరప బస్తాలు పెట్టేవారు ఎత్తు తగ్గించవద్దు. వేసవిలో తక్కువ ఎత్తు రేకు కింద కాయ రంగు పోతుంది.

కాశీనగర్ రైతు:
అందరికీ దండాలు. మాది నదికి దూరమే, మెరక. అడుగున్నర అరుగు చాలు. ధాన్యానికి ఎంత చోటు వదలాలో ఎవరైనా లెక్క చెబుతారా?

ఇనుప మేస్త్రి, పర్లాకిమిడి:
క్వింటాలు వడ్లకు సుమారు 6 ఘనపుటడుగులు. మీ 12 ఎకరాలకు ఎకరానికి 20 క్వింటాళ్లు వేసుకున్నా 240 క్వింటాళ్లు, అంటే 1440 ఘనపుటడుగులు. ఎనిమిది అడుగుల ఎత్తు పేరిస్తే 180 చదరపు అడుగులు. బస్తాల మధ్య సందులు, గోడకు ఎడం, మనిషి నడిచే దారి కలిపి 300 అనుకోండి. షెడ్డులో సుమారు ఒక్క అంకణం. మిమ్మల్ని భయపెట్టాల్సింది ధాన్యం కాదు, ట్రాలీ.

కాశీనగర్ రైతు:
మీరన్నది నిజం మేస్త్రి గారూ. ఈ రోజు పొద్దున ఒక పని చేశాం. పొలంలో మేకులు కొట్టి, పలుపు తాళ్లు లాగి, ముగ్గుపిండితో 28 × 40 గీశాం. స్తంభాలు వచ్చేచోట చెరకు గడలు పాతాం. ముందు వాకిలి పొడవు పక్క మధ్యలో అనుకున్నాం, నేను ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి వెనక్కి పోనిచ్చాను. రెండూ కలిపి 27 అడుగులు. మొదటిసారి రెండు గడలు విరిగాయి. రెండోసారి ఒకటి. మూడోసారి ట్రాలీ ధాన్యం అంకణంలోకి దూరింది. నాన్న గట్టు మీద కూర్చుని ఒక్క మాట అనలేదు, బీడీ మాత్రం ఆర్పేశారు.

తర్వాత వాకిలిని తూర్పున పొట్టి పక్కకు, అంటే కప్పు కింద ముక్కోణంగా లేచే గోడ వైపు మార్చి గీశాం. తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చింది. ట్రాక్టరు ఒక వరస, కోత యంత్రం ఒక వరస. వెనక అంకణం ధాన్యానికి. యంత్రం ముందున్న కోత బారును విప్పి పక్కన పెడితేనే ఇది కుదురుతుంది. విప్పకుండా 14 అడుగుల వెడల్పు లాగేస్తుంది.

గుణుపురం కోత యంత్రం:
విప్పుతారు. మొదటి నెల విప్పుతారు. తర్వాత చూద్దాం.

కాశీనగర్ రైతు:
అందుకే 50 అడుగులు వేద్దామని నేను, 40 చాలని నాన్న. చివరికి ఇప్పుడు నాలుగు అంకణాలే, పడమటి పక్కన ఇంకో అంకణానికి జాగా వదులుతున్నాం. ట్రస్సు కింద 14 అడుగులు.

ఇనుప మేస్త్రి, పర్లాకిమిడి:
మంచి ఆలోచన. కాని పడమటి చివర కూడా మధ్యలో వేసినంత బలమైన ట్రస్సే వేయించండి. చివరిదే కదా అని సన్న గొట్టంతో సరిపెట్టేస్తారు, రేపు దాని మీద ఇంకో అంకణం మోపలేరు. ఆ గోడ రేకులు వెల్డింగు చేయనివ్వకండి, స్క్రూలతోనే బిగించమనండి. విప్పి ముందుకు జరుపుకోవచ్చు. పొడవు ఇలా ఎప్పుడైనా పెంచుకోవచ్చు. వెడల్పు, ఎత్తు పెంచమని మాత్రం నన్ను పిలవకండి.

కాశీనగర్ రైతు:
పిలవను, వేయడానికే పిలుస్తున్నాను. ఆదివారం వస్తారా? రాత్రి మబ్బు పట్టింది. ముగ్గు చెరిగిపోకముందే గుంతలు తీయించేయాలని నాన్న తొందర.