కరాటేలో, ఆయుధ సాధనలో కటా: మీ అనుభవం ఏమిటి?

కర్ర_కొత్త
కరాటే చాలా ఏళ్లుగా చేస్తున్నాను. బో (పొడుగాటి కర్ర), సాయ్ (మూడు మొనల లోహపు ఆయుధం) ఈ మధ్యే మొదలుపెట్టాను. కరాటే క్లాసులో కటా (ముందే వరస కట్టిన కదలికలను ఒంటరిగా చేయడం) ఎంతో, స్పారింగ్ (ఎదుటి మనిషితో తలపడడం) కూడా అంతే. ఆయుధాల క్లాసులో మాత్రం దాదాపు అంతా కటానే, షూషి నో కోన్ అనే కర్ర కటా ఒక్కటే నెలల తరబడి చేయిస్తున్నారు. ఎదురుగా మనిషి లేకుండా కర్ర తిప్పితే నిజంగా ఏం వస్తుంది? రెండూ చేసినవాళ్లు చెప్పండి.

ప్యాడ్_వర్క్
నేను కటా మానేసి చాలా కాలమైంది. స్పారింగ్‌లో ఎవరూ ఒకే గుద్దుతో వరసగా మూడడుగులు ముందుకు రారు. ఒక చెయ్యి నడుము దగ్గర పెట్టుకుని రెండో చేత్తో కొడితే మొహానికి కాపు ఉండదు. అదే టైమ్ ప్యాడ్‌ల మీద పెడితే దెబ్బలో బలం వస్తుంది, దూరం తెలుస్తుంది.

నైహంచి_సాధన
ప్యాడ్_వర్క్ గారూ, నడుముకి లాగే చెయ్యి ఖాళీగా ఉంటే మీరన్నది నిజమే. ఆ చేతిలో అవతలి మనిషి మణికట్టు ఉందనుకుని చేసి చూడండి. లాగగానే అతని బరువు ముందుకు తూలుతుంది, రెండో చెయ్యి ఆ తూలేవాడి మీద పడుతుంది. హెయాన్ షోదాన్ అనే కటాలో మొదటి గెడాన్ బరాయ్‌ని (కింది వైపు అడ్డు) మా సెన్సే (గురువు) ఇలా చేయించాక నాకు కటా మీద గురి కుదిరింది. కటాలో చాలా భాగం స్పారింగ్ దూరానికి చెందింది కాదు, పట్టుకునేంత దగ్గరికి వచ్చాక పనికొచ్చేది. నైహంచి కటానే చూడండి, మొత్తం ఒకే గీత మీద పక్కకి సాగుతుంది. వీధి పోరాటాలకు పేరుపడ్డ కరాటే గురువు మోటోబు చోకి అన్నిటికన్నా ఎక్కువ నమ్ముకున్న కటా అది.

ఇంకో సంగతి. పినాన్ అనే కటాల వరసను కరాటే గురువు ఇటోసు అంకో 20వ శతాబ్దం మొదట్లో, కరాటే దాని పుట్టినిల్లు, జపాన్ దీవి ఒకినావాలోని బడుల్లోకి వెళ్తున్న రోజుల్లో తయారుచేశారు. ఆయన శిష్యుడు ఫునాకోషి వాటికే హెయాన్ అని పేరు పెట్టి, మొదటి రెండిటి వరస మార్చారు. గుంపుగా నిలబెట్టి నేర్పే పద్ధతి అలా వచ్చింది. అర్థం చెప్పకుండా లెక్కపెడుతూ కదలికలు మాత్రమే చేయించే క్లాసు ఆ పద్ధతిలోంచి మిగిలిందే. మీకు విసుగొచ్చింది దాని మీదేమో అనిపిస్తోంది.

మూడో_సాయ్
అసలు ప్రశ్నకి వస్తాను. ఆయుధాల్లో కటా ఎక్కువ ఉండడానికి మొదటి కారణం భద్రత. గట్టి చెక్క బోతో పూర్తి వేగంతో స్పారింగ్ చేస్తే వేళ్లు విరుగుతాయి. పూర్తి బలంతో, పూర్తి వేగంతో కొట్టగలిగేది కటాలోనే.

రెండోది, చేతిలో వస్తువుంటే తప్పు దాక్కోదు. ఖాళీ చేతులతో నడుము తిరగకపోయినా గుద్దు గుద్దులాగే కనిపిస్తుంది. 6 షాకుల (జపాన్ కొలత) కర్ర, అంటే దాదాపు 182 సెంటీమీటర్లు, భుజంతో మాత్రమే తిప్పితే చివర ఊగుతూనే ఉంటుంది, ఆగాల్సిన చోట ఆగదు. పొడిచేటప్పుడు ముందు చెయ్యి బిగిస్తే కర్ర జారదు, పొడుపు సగంలోనే చచ్చిపోతుంది. సాయ్‌ని వెనక్కి తిప్పి ముంజేతికి ఆనించినప్పుడు మొన మోచెయ్యి దాటి కాస్త బయటికి రావాలి. పొట్టిదైతే అడ్డుకునేటప్పుడు దెబ్బ మోచేతి మీదే పడుతుంది. కొనేటప్పుడు ఇది తప్పకుండా చూసుకోండి.

ఆయుధ విద్య గురువు తైరా షింకెన్ గారిని కూడా తలుచుకోవాలి. యబికు మోడెన్ అనే గురువు దగ్గర నేర్చుకుని, ఒకినావాలో చెల్లాచెదురుగా ఉన్న ఆయుధ కటాలను పోగుచేసి, 1955లో వాటిని కాపాడడానికే ఒక సంఘం పెట్టారు. ఈ విద్య మనదాకా చేరింది కటా రూపంలోనే.

ప్యాడ్_వర్క్
భద్రత మాట ఒప్పుకుంటాను. కానీ గాలిలో ఎంత చేసినా నిజంగా కర్ర మీదికి వస్తే కళ్లు మూసుకుపోతాయి కదా?

మూడో_సాయ్
మూసుకుపోతాయండి, అందుకే కుమిబో ఉంది. కటాలోంచి ఒక అడ్డు, ఒక పొడుపు తీసుకుని ఎదురుగా మనిషితో నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతాం. కర్రకి కర్ర తగిలినప్పుడు అరచేతుల్లోకి వచ్చే అదురు ఏ కటా నేర్పలేదు. అది అలవాటయ్యాక మళ్లీ కటా చేస్తే మన అడుగులే మారిపోతాయి. కటా మాత్రమే చేయించి ఎదుటి మనిషిని ఎప్పటికీ చూపించని క్లాసు అయితే నేను మానేస్తాను.

టాటామీ_అంచు
నాది పోటీల వైపు అనుభవం. టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావాకు చెందిన రియో కియునా ఓహాన్ దాయ్ కటాతో స్వర్ణం గెలిచినప్పుడు మా డోజోలో (శిక్షణ శాలలో) అందరికీ కటా మీద ప్రేమ పెరిగింది. పోటీకి తయారయ్యేటప్పుడు మాత్రం ఆగే చోట్లు పొడుగవుతాయి, నిలబడే తీరు ఇంకా కిందికి దిగుతుంది, ఎందుకంటే జడ్జిలకి కనిపించాలి. టీమ్ కటా పతకాల రౌండ్లలో బుంకాయ్ (కటా కదలికలను ఎదుటి మనిషి మీద వాడి చూపడం) చేయాల్సి ఉండేది కాబట్టి, ఆ ప్రాక్టీసులో ప్రతి కదలికకీ జవాబు వెతకాల్సి వచ్చింది. నాకు కటా అర్థమైంది అప్పుడే.

కర్ర_కొత్త
అందరికీ చాలా థాంక్స్. మూడో_సాయ్ గారూ, కుమిబో అడగడానికి షూషి నో కోన్ మొత్తం బాగా వచ్చేదాకా ఆగాలా?

మూడో_సాయ్
అక్కర్లేదండి. అడ్డుకోవడం, పొడవడం కుదురుగా వస్తే చాలు, ఈ వారమే మీ సెన్సేని అడగండి. మొదట్లో ఇద్దరూ కర్ర చివర మాత్రమే తగిలే దూరంలో నిలబడండి, వేళ్లు జాగ్రత్త.